వాలెన్సియా ఫాయాస్ పండుగకు అమ్మానాన్నలతో వెళ్లాలనుకుంటున్నాను, చూసినవాళ్లు చెప్పండి

తెనాలి_అమ్మాయి | జనవరి 9

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగం మీద ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాను. మార్చిలో అమ్మ, నాన్న మొదటిసారి నా దగ్గరకు వస్తున్నారు. నాన్న వడ్రంగి. నలభై ఏళ్లు తలుపులు, గుమ్మాలు, మంచాలు, పెళ్లిపీటలు చేశారు. ఇప్పుడు వయసు 68. కోత మిషన్ దగ్గర ఏళ్ల తరబడి నిలబడటం వల్ల ఎడమ చెవి సరిగా వినపడదు.

స్పెయిన్‌లో వాలెన్సియా అనే సముద్రతీర నగరంలో మార్చి 19న ఫాయాస్ అనే వడ్రంగుల పండుగ జరుగుతుందని ఆఫీసులో ఒక స్పానిష్ అమ్మాయి చెప్పింది. నాన్నను ఈఫిల్ టవర్ దగ్గరకు తీసుకెళ్లడం కన్నా ఇక్కడికి తీసుకెళ్లాలని నా మనసులో పడింది. నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. జనం, చప్పుడు చాలా ఎక్కువని చదివాక టెన్షన్ మొదలైంది. వెళ్లొచ్చా? ఎన్నో తేదీకి వెళ్లాలి?

మాద్రిద్_రాజు | జనవరి 9

నేను మాద్రిద్ నుంచి రెండుసార్లు వెళ్లాను. రైల్లో రెండు గంటల లోపు ప్రయాణమే. మనసులో ఉన్నది చెప్తున్నాను, పెద్దవాళ్లతో వద్దండీ. ఆ నాలుగైదు రోజులు ఊరంతా టపాకాయలే. చిన్నపిల్లలు కూడా వీధిలో పేలుస్తుంటారు. పొద్దున ఎనిమిదింటికి బ్యాండు వాయిస్తూ, టపాకాయలు నేలకేసి కొడుతూ ఊరిని నిద్రలేపుతారు. దాని పేరే 'దెస్పెర్తా', అంటే మేలుకొలుపు. రాత్రి రెండింటి దాకా వీధుల్లో పాటలు. నడి ఊళ్లో రోడ్లన్నీ మూసేస్తారు, బస్సులు దారి మళ్లుతాయి, టాక్సీ దగ్గరకు రాదు. నేను ముప్పై ఏళ్లవాణ్ని, మూడో రోజుకి నాకే తల తిరిగింది. ఏప్రిల్‌లో తీసుకెళ్లండి. ఊరు ప్రశాంతంగా ఉంటుంది, ఎండ బాగుంటుంది.

రుసాఫా_వాసి | జనవరి 10

రాజు గారు చెప్పిన ఇబ్బందులన్నీ నిజమే. కానీ ఏప్రిల్‌లో వస్తే వాళ్ల నాన్నగారు చూడాల్సింది అక్కడ ఉండదు. నేను వాలెన్సియాలో ఆరేళ్లుగా ఉంటున్నాను, ఇల్లు రుసాఫా పేటలో. కాస్త వివరంగా రాస్తాను.

మార్చి 19 సెయింట్ జోసెఫ్ పండుగ. ఆయన ఏసును పెంచిన తండ్రి, వడ్రంగి, వడ్రంగులకు రక్షకుడు. ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ ఏమిటంటే, చలికాలంలో పొద్దు త్వరగా వాలిపోతుంది కదా, వడ్రంగులు చీకట్లో పని చేసుకోవడానికి దీపాలు తగిలించే కొయ్య స్తంభం ఒకటి పెట్టుకునేవారట. దాన్ని 'పరోత్' అనేవారు. వసంతం వచ్చి పగలు పెరిగాక దానితో పని ఉండదు. జోసెఫ్ పండుగ ముందు రాత్రి దాన్ని, కొట్టులో పోగుపడిన చెక్కముక్కల్ని వీధిలో వేసి కాల్చేవారు. ఎవరో దానికి పాత బట్టలు తొడిగారు, పేటలో అందరికీ కోపం ఉన్న మనిషి పోలిక తెచ్చారు. అక్కడినుంచి బొమ్మలు పెరిగి పెరిగి నేడు మూడు నాలుగు అంతస్తుల ఇళ్లను మించిపోయాయి. రాజకీయ నాయకులు, ధరలు, టూరిస్టుల రద్దీ, ఏదీ వదలకుండా వెక్కిరిస్తారు. మొత్తం కట్టడాన్ని 'ఫాయా' అంటారు, అందులోని ఒక్కో బొమ్మను 'నినోత్' అంటారు.

ఇది మునిసిపాలిటీ ఒక్కటే నడిపే పండుగ కాదు. పేటకొక సంఘం ఉంటుంది, దానికొక 'కసాల్', అంటే సంఘం గది. అక్కడివాళ్లు ఏడాది పొడవునా చందాలు వేసుకుని, లాటరీ టికెట్లు అమ్మి, కళాకారుడికి డబ్బు కడతారు. ఊళ్లో ఇలాంటి సంఘాలు మూడు వందల యాభైకి పైగా ఉన్నాయి. ఒక్కో సంఘం పెద్దది ఒకటి, పిల్లలది ఒకటి నిలబెడుతుంది. యునెస్కో 2016లో దీన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

తేదీల సంగతి. మార్చి 1 నుంచి 19 దాకా రోజూ మధ్యాహ్నం 2 గంటలకు టౌన్‌హాల్ ముందు 'మస్క్లెతా', అంటే టపాకాయల మోత ఉంటుంది. 15న బొమ్మలు నిలబెట్టడం. 17, 18 తేదీల్లో అమ్మవారికి, అంటే మేరీమాతకు పూలు. 18 రాత్రి ఆకాశమంతా బాణసంచా. 19 రాత్రి 'క్రెమా', అంటే దహనం.

మీరు 16 సాయంత్రానికి దిగి 20న తిరిగి వెళ్లండి. హోటల్ నడి ఊళ్లో వద్దు. తూరియా తోటకు (పాత నదీగర్భంలో పెంచిన తోట) అవతలి గట్టున, మెట్రో స్టేషన్‌కి దగ్గరగా తీసుకోండి. ఇవాళే బుక్ చేయండి, ఫిబ్రవరికి ఏమీ మిగలదు. వాళ్లకు జర్మనీ షెంగెన్ వీసా ఉంటే దానిమీదే స్పెయిన్ రావచ్చు, వేరే వీసా అక్కర్లేదు. ఇన్సూరెన్స్ షెంగెన్ దేశాలన్నిటికీ వర్తిస్తుందో లేదో మాత్రం చూసుకోండి.

ఖమ్మం_కుర్రాడు | జనవరి 10

అన్నా, టమాటాలతో కొట్టుకునేది కూడా అక్కడేనా? అదీ ఇదీ ఒకే ట్రిప్‌లో అవుతాయా?

రుసాఫా_వాసి | జనవరి 10

కాదు తమ్ముడూ. అది బున్యోల్ అనే చిన్న ఊరు, వాలెన్సియా నుంచి 40 కిలోమీటర్లు లోపలికి. ఆగస్టు చివరి బుధవారం జరుగుతుంది, 2013 నుంచి టికెట్ పెట్టారు. ఒక్క గంటలో అయిపోతుంది. ఆగస్టులో వచ్చేట్టయితే వేరే థ్రెడ్ పెట్టు, చెప్తాను.

గోదారిగట్టు | జనవరి 11

చదువుతుంటే మన భోగి గుర్తొచ్చింది. పాత చెక్కసామాను, విరిగిన కుర్చీలు తెల్లవారుజామున మంటలో వేయడం, పగలు పెరిగే కాలం రావడం, రెండూ ఒకటే కదా.

నేను మార్చిలో వెళ్లలేదు, అక్టోబర్‌లో వెళ్లాను. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నా చూపు వేరే వైపు పోయింది. ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు కెథెడ్రల్ గుమ్మం ముందు, నడివీధిలో, 'నీళ్ల న్యాయస్థానం' కూర్చుంటుంది. ఊరి చుట్టూ ఉన్న పంట కాలువలు ఎనిమిది, కాలువకొక రైతు ప్రతినిధి. నల్లటి అంగీలు వేసుకుని గుండ్రంగా కుర్చీల్లో కూర్చుంటారు. ఒక్కో కాలువ పేరు చెప్పి ఫిర్యాదు ఉందా అని పిలుస్తారు. తన వంతు కాని రోజు నీళ్లు పెట్టుకున్నాడనో, కాలువ పూడిక తీయలేదనో ఎవరైనా ఫిర్యాదు చేస్తే రెండు పక్షాలూ నోటితో చెప్పుకుంటాయి, అక్కడికక్కడే తీర్పు. వకీళ్లు ఉండరు, కాగితాలు ఉండవు. అరబ్బుల పాలన నాటి నుంచి వస్తున్న పద్ధతి అంటారు. 2009లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. నేను వెళ్లిన రోజు ఫిర్యాదులేమీ లేవు, అయిదు నిమిషాల్లో లేచిపోయారు. అయినా నాకు కళ్లు చెమర్చాయి. చివరి ఆయకట్టు రైతుకు నీళ్లందక మా డెల్టాలో ఎన్ని రాత్రుళ్లు లాకుల దగ్గర తగువులు తీర్చామో నాకు తెలుసు. మీ ప్రయాణంలో గురువారం ఉంటే తప్పకుండా చూపించండమ్మా. సెలవు రోజుల్లో కూర్చోరు, అది కనుక్కోండి.

తెనాలి_అమ్మాయి | జనవరి 12

అందరికీ థాంక్స్. హోటల్ బుక్ చేశాను, తోటకు ఉత్తరం వైపు. నిన్న రాత్రి ఫోన్‌లో నాన్నకు ఈ థ్రెడ్ అంతా చదివి వినిపించాను. గోదారిగట్టు గారి మాటకు నాన్న ఒప్పుకోలేదు. "భోగికి పనికిరానిది కాలుస్తాం. వీళ్లు కొత్తది కాలుస్తున్నారు. ఏడాది పనిచేసి, రంగులు వేసి, నాలుగు రోజులు చూసి తగలబెట్టేదానికి అంత పనితనం దేనికి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

లకడీకాపూల్ | జనవరి 12

ఖైరతాబాద్ వినాయకుణ్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ని నేను. భోగి కన్నా ఇది నిమజ్జనానికి దగ్గర అనిపిస్తుంది. మూడు నెలలు శిల్పి, వెల్డర్లు, రంగులవాళ్లు రాత్రింబవళ్లు చేస్తారు. పదకొండో రోజు క్రేన్ సాగర్‌లోకి దించుతుంటే ఆ చేసినవాళ్లే "వచ్చే ఏడాది మళ్లీ రా" అని అరుస్తారు. నీళ్లలో కలిపేది కాబట్టి తక్కువ శ్రద్ధతో చేద్దామని ఎవరూ అనుకోరు. మీ నాన్నగారు తెనాలిలో ఎప్పుడూ పందిరి వేయలేదా? పెళ్లిపందిరి మూడు రోజులకు విప్పేసేదే కదా.

రుసాఫా_వాసి | జనవరి 13

నాన్నగారి ప్రశ్న ఇక్కడివాళ్లు కూడా అడుగుతారు. అందుకే ఏటా ఒక్క బొమ్మను క్షమిస్తారు. ఫిబ్రవరిలో ప్రతి సంఘం తన నినోత్‌లలో ఒకదాన్ని ఎగ్జిబిషన్‌లో పెడుతుంది. జనం ఓట్లు వేస్తారు. గెలిచిన పెద్ద బొమ్మ ఒకటి, పిల్లల బొమ్మ ఒకటి మంట తప్పించుకుని మ్యూజియంకి చేరతాయి. పెద్ద బొమ్మకు 1934 నుంచి ఈ ఆనవాయితీ ఉంది. మోంతెఓలివేతెలోని ఫాయాస్ మ్యూజియంలో వరుసగా నిలబెట్టి ఉంచారు. అవ్వ ఒళ్లో మనవడు, చెప్పులు కుట్టేవాడు, ఇలాంటి మామూలు మనుషులే ఎక్కువగా గెలుస్తుంటారు. నాన్నగారికి మొదటి రోజే అది చూపించండి.

ఇంకో మాట. ఇప్పుడు ఎక్కువ బొమ్మలు థర్మోకోల్‌తో చేస్తున్నారు. తేలిక, ఎంత ఎత్తయినా లేస్తుంది. కానీ కాలేటప్పుడు నల్లటి పొగ. పూర్వం చెక్కతోనే చేసేవారు. లోపల చెక్క చట్రం, దానిమీద సన్నటి బద్దలు ఒకదాని పక్కన ఒకటి వంచి మేకులు కొడుతూ ఒంపులు తెస్తారు. పైన అట్ట, కాగితం. ఆ బద్దల పనిని 'వరేతా' అంటారు. పొగ గొడవ వల్ల, పాత విద్య పోకూడదన్న పట్టుదల వల్ల కొందరు కళాకారులు మళ్లీ దానికి తిరుగుతున్నారు. అలాంటివి ఎక్కడ నిలబెడుతున్నారో మార్చిలో చూసి చెప్తాను.

ధర్మవరం_కోడలు | జనవరి 15

అమ్మగారి గురించి ఎవరూ రాయలేదని నేను రాస్తున్నాను. మేము మూడేళ్ల క్రితం వెళ్లాం, మా అత్తగారితో.

తిండి: అసలైన వాలెన్సియా పాయేయాలో కోడి, కుందేలు వేస్తారు. శాకాహారులకు కూరగాయల పాయేయా దొరుకుతుంది, కానీ అన్నం ఉడికించే నీళ్లు మాంసం ఉడికించినవేమో అడగాలి. "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హామోన్, సిన్ వేవో" అని నేర్చుకోండి. మాంసం, చేప, పందిమాంసం, గుడ్డు వద్దని. పాయేయా మధ్యాహ్నమే తినండి, రాత్రి అక్కడివాళ్లు తినరు. అడుగున అంటిన మాడును 'సొకర్రాత్' అని గరిటెతో గీకి మరీ తింటారు. మా అత్తగారు "మనింట్లో గిన్నె అడుగు మాడు అడిగినట్టుంది" అని సంబరపడ్డారు. ఆ బియ్యం ఊరికి దక్షిణాన ఉన్న అల్బుఫేరా సరస్సు చుట్టూ పండుతుంది.

ఓర్చాతా తప్పకుండా తాగించండి. పాలలా ఉంటుంది కానీ పాలు కాదు. చూఫా అనే చిన్న గడ్డల్ని నానబెట్టి రుబ్బి తీసే రసం, పంచదార కలుపుతారు. అది మన పొలాల్లో పీకి పారేసే తుంగ జాతిదే. అల్బొరాయా పొలాల్లో పండిస్తారు. పండుగ రోజుల్లో వీధి మలుపుల్లో గుమ్మడికాయ గుజ్జు కలిపిన పిండితో బున్యుయెలోస్ వేస్తారు, చిల్లి పెట్టి నూనెలో వదిలే తీరు అచ్చం గారెల్లాగే.

చీరలు నేసే ఊరిదాన్ని కాబట్టి పట్టు మాట రాయకుండా ఉండలేను. అమ్మాయిలు కట్టుకునే ఆ పాత కాలపు గౌన్లు పట్టువి. ఎస్పొలీన్ అనే రకాన్ని ఇంకా చేమగ్గం మీదే నేస్తారు. పువ్వు పువ్వుకీ వేరే చిన్న నాడె. అమ్మాయి పుడితే అప్పటినుంచే డబ్బు దాచుకునే ఇళ్లున్నాయి. అక్కడి పట్టు పనివాళ్ల సంఘం 1479లో ఏర్పడింది. వాళ్ల భవనం ఇప్పుడు మ్యూజియం, అందులో పాత మగ్గాలున్నాయి. పట్టు బేరాల కోసం కట్టిన లోంహా భవనం కూడా చూడండి. మెలితిప్పిన తాడులా ఉండే రాతి స్తంభాలు.

17 సాయంత్రం కానీ 18న కానీ అమ్మవారి చౌరస్తా దగ్గర నిలబడండి. పేటపేటకీ ఆడవాళ్లు పూలగుత్తులు పట్టుకుని బ్యాండుతో వస్తారు. ఆ పూలను ఎత్తయిన కొయ్య చట్రానికి మనుషులు ఎక్కి గుచ్చుతారు, రెండు రోజుల్లో అది అమ్మవారి పైటవుతుంది. చౌరస్తాలోకి వచ్చి విగ్రహాన్ని చూడగానే చాలామంది ఏడ్చేస్తారు. మా అత్తగారికి భాష రాదు, ఎవరికి మొక్కుతున్నారో తెలియదు, ఆవిడా ఏడ్చింది.

మాద్రిద్_రాజు | జనవరి 15

సరే, నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మస్క్లెతా విషయంలో జాగ్రత్త. అది రంగుల బాణసంచా కాదు, పట్టపగలు చేసేది. చూడటానికేమీ ఉండదు, అంతా చప్పుడే. టౌన్‌హాల్ బాల్కనీ నుంచి ఆ ఏటి పండుగ రాణి "సెన్యోర్ పిరోతెక్నిక్ (బాణసంచా మేస్త్రీ గారూ), మొదలుపెట్టండి" అంటుంది. నెమ్మదిగా లయతో మొదలై చివరికి నేల కంపిస్తుంది. ఆ చివరి భాగాన్ని భూకంపం అనే పిలుస్తారు. చెవిలో దూది సరిపోదు, ఫార్మసీలో ప్లగ్స్ కొనండి. నోరు కాస్త తెరిచి ఉంచమంటారు. చౌరస్తాలోకి వెళ్లకుండా రెండు వీధుల అవతల నిలబడండి.

అలికాంతె_తీరం | జనవరి 18

మార్చి కుదరనివాళ్ల కోసం: వాలెన్సియా నుంచి రైల్లో సుమారు రెండు గంటల దూరంలో అలికాంతె ఉంది. అక్కడ జూన్ 20 నుంచి 24 దాకా సెయింట్ జాన్ మంటలు. బొమ్మలు ఇలాగే నిలబెట్టి 24 రాత్రి కాలుస్తారు. ఎండాకాలం కాబట్టి ఫైర్ ఇంజిన్‌వాళ్లు జనం మీద కూడా నీళ్లు కొడతారు, ఆ నీళ్ల కోసం కేకలు వేసి మరీ అడుగుతారు. జనం వాలెన్సియా కన్నా తక్కువ, పక్కనే సముద్రం. వాలెన్సియాలో కూడా జూన్ 23 రాత్రి మాల్వారోసా బీచ్‌లో చిన్న చిన్న మంటలు వేసి, అర్ధరాత్రి అలల్లోకి వెళ్తారు.

గోదారిగట్టు | జనవరి 19

ఒకటి అడగాలి. 2024 అక్టోబర్ వరదల తర్వాత ఊరు కోలుకుందా?

రుసాఫా_వాసి | జనవరి 19

అడిగినందుకు సంతోషం సార్. నడి ఊరికి దెబ్బ తగల్లేదు. 1957 అక్టోబర్‌లో తూరియా నది ఊరిని ముంచాక, నదినే ఊరికి దక్షిణంగా మళ్లించారు. పాత నదీగర్భం ఇప్పుడు తొమ్మిది కిలోమీటర్ల తోట, మీరు చూసే ఉంటారు, వంతెనలు అలాగే ఉన్నాయి, కింద నీళ్లకు బదులు చెట్లు. 2024 అక్టోబర్ 29న ఆ కొత్త పాయ అవతల ఉన్న ఊళ్లు మునిగాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు. తర్వాతి రోజుల్లో వేలాది మంది పారలు, చీపుర్లు, నీళ్ల సీసాలు పట్టుకుని నడక వంతెన దాటి వెళ్లారు. నేనూ పైపోర్తాలో నాలుగు రోజులు బురద ఎత్తాను. నా పక్కన పారపట్టిన పెద్దాయన అక్కడి ఫాయా సంఘం మనిషి. వాళ్ల కసాల్ గదిలో నడుం లోతు బురద. పండుగ బట్టలు, పాత ఫొటోలు అన్నీ పోయాయి. అయినా ఆయన మొదట అడిగింది పక్కవీధి సంఘం వాళ్ల గది ఎలా ఉందని. కరోనాకి 2020లో పండుగ కొద్ది రోజుల ముందు ఆగిపోయింది, 2021లో సెప్టెంబర్‌లో చేసుకున్నారు. ఈ పండుగను వాళ్లు వదలరు సార్.

తెనాలి_అమ్మాయి | మార్చి 24

వెళ్లొచ్చాం. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

16న దిగాం. 17 మధ్యాహ్నం నేనొక పొరపాటు చేశాను. రాజు గారు వద్దన్నా, దూరం నుంచి ఏం తెలుస్తుందిలే అని చౌరస్తా దాకా తీసుకెళ్లాను. జనంలో అమ్మకు ఊపిరాడలేదు. ముఖం పాలిపోయింది. పక్కనున్న అయిదారుగురు చేతులు అడ్డం పెట్టి దారి చేసి మమ్మల్ని బయటికి పంపారు, ఒకావిడ మాతో పాటే వచ్చి నీళ్లు తాగించింది. మస్క్లెతా మాకు పక్కవీధిలో ఒక మెట్టు మీద కూర్చుని వినిపించింది. మెట్టు అదిరింది. నాన్న ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని "ఈ చెవితో కూడా వినపడింది" అన్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు దయచేసి రాజు గారి మాట వినండి.

మ్యూజియంలో నాన్న రెండు గంటలున్నారు. మైనపు ముఖాలు చేసిన పాత బొమ్మల దగ్గర చేతివేళ్లు, గోళ్లు చూస్తూ నిలబడిపోయారు. అమ్మకు పూల ఊరేగింపు, పట్టు మగ్గాలు. ధర్మవరం అక్కా, బున్యుయెలోస్ అమ్మ రోజూ తింది, ఓర్చాతా మాత్రం నచ్చలేదు.

గోదారిగట్టు గారూ, మాకు గురువారం 19నే వచ్చింది, ఆ రోజు పండుగ సెలవు కావడంతో నీళ్ల న్యాయస్థానం చూడటం కుదరలేదు.

రుసాఫా అన్నయ్య 18న మమ్మల్ని వాళ్ల పేట దాటి ఒక చిన్న వీధికి తీసుకెళ్లారు. అక్కడ ఫాయా పూర్తిగా చెక్క. పెద్ద చేప ఒకటి, రంగు వేయకుండా బద్దలు కనపడేట్టే వదిలేశారు. నాన్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. కంచెకు ఇవతల మోకాళ్ల మీద కూర్చుని తోక దగ్గర ఒంపు చూశారు. సంఘం వాళ్లలో ఒక పెద్దాయన గమనించి దగ్గరకొచ్చాడు. అన్నయ్య మా నాన్న వడ్రంగి అని చెప్పారు. ఆయన కంచె తీసి లోపలికి రమ్మన్నాడు. ఒకరికి తెలుగు, ఒకరికి వాలెన్సియన్. నాన్న బొటనవేలు, చూపుడువేలు పెట్టి బద్ద మందం చూపిస్తే ఆయన తల ఊపాడు. మేకుకీ మేకుకీ మధ్య దూరం చూపిస్తే ఆయన తన వేళ్లతో సరిచేశాడు. అరగంట అలాగే మాట్లాడుకున్నారు. నేను అనువాదం చేయబోతే నాన్న వద్దన్నారు.

19 రాత్రి అక్కడికే వెళ్లాం. పిల్లల బొమ్మను ముందు కాల్చారు. పెద్దదాని దగ్గరకు ఫైర్ ఇంజిన్ రావడానికి ఆలస్యమైంది, పక్క ఇళ్ల గోడలు తడిపాకే మొదలుపెట్టారు. పేట రాణిగా ఉన్న అమ్మాయి వత్తి అంటించింది. వాళ్ల ప్రాంత గీతాన్ని బ్యాండు వాయించింది. చెక్క కాబట్టి పొగ పెద్దగా లేదు. ముందు బద్దలు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి, చేప ఆకారం పోయి లోపలి చట్రం ఒక్కటే ఎర్రగా నిలబడింది. ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. పెద్దాయన నాన్న పక్కకొచ్చి నిలబడి చట్రం వైపు వేలు చూపించాడు. నాన్న "అవును, కీలు ఒక్కటి కూడా విడలేదు" అన్నారు, తెలుగులోనే. అది కూలేదాకా ఇద్దరూ కదల్లేదు.

మర్నాడు పొద్దున స్టేషన్‌కి వెళ్తూ ఆ వీధిగుండా వచ్చాం. కడిగేశారు. రోడ్డు మీద నల్లటి మరక తప్ప ఏమీ లేదు. కసాల్ తలుపు తెరిచే ఉంది, లోపల కుర్చీలు సర్దుతున్నారు.

లకడీకాపూల్ | మార్చి 24

చదివి ఇంట్లో వాళ్లకు కూడా వినిపించాను. నాన్నగారు తన ప్రశ్నకు జవాబు చెప్పారా మరి?

తెనాలి_అమ్మాయి | మార్చి 25

నేను అడగలేదండీ, ఆయన చెప్పలేదు. కానీ ఇవాళ పొద్దున వరండాలో కూర్చుని కాగితం మీద ఆ చేప తోక గీస్తున్నారు. అన్నయ్యా, నాన్న ఒకటి కనుక్కోమన్నారు. ఆ బద్దలు వంచే ముందు నీళ్లలో నానబెడతారా, లేక పచ్చి చెక్కే వాడతారా? ఏ చెక్క?

రుసాఫా_వాసి | మార్చి 25

శనివారం కసాల్‌లో భోజనాలున్నాయి, నన్నూ పిలిచారు. పెద్దాయన్ను అడిగి రాస్తాను. ఆ బొమ్మ గీయడం పూర్తయితే ఫొటో తీసి పంపించమని నాన్నగారితో చెప్పమ్మా, ఆయనకు చూపిస్తాను.